నెల్లూరు, ప్రకాశం దారులకు తగిన మోకాలి గార్డులు: ఆఫ్‌రోడ్ రైడర్లకు సమగ్ర మార్గదర్శి

మోకాలి గార్డులు కొన్నవారిలో చాలామంది వాటిని నాలుగైదు రైడ్లకు మించి వాడరు. నాసిరకమని పక్కన పెట్టేవారు తక్కువ. బండి నడుపుతుంటే జారిపోతున్నాయనీ, మోకాలి వెనుక ఒరుసుకుని చర్మం కందిపోతున్నదనీ, పొద్దు పది దాటితే లోపలంతా చెమటతో తడిసి ముద్దవుతున్నదనీ విసిగిపోయి, చివరికి వాటిని బ్యాగులో పెట్టుకుని తిరగడం మొదలుపెడతారు. అందువల్ల ఈ మార్గదర్శిలో సౌకర్యాన్ని భద్రతలో భాగంగానే లెక్కిస్తున్నాను. మోకాలి చిప్ప మీద నుంచి రెండు అంగుళాలు పక్కకు జరిగిన గార్డు ఎంత ఖరీదైనదైనా, దెబ్బ తగిలే క్షణంలో ఉండవలసిన చోట ఉండదు. కొనే ముందు ఏమి ఆలోచించాలి, దుకాణంలో ఏమి పరీక్షించాలి, ఇంటికి తెచ్చాక ఎలా సర్దుకోవాలి అన్న వరుసలో చెబుతాను.

మొదటి మెట్టు: మీ దారిలో ఎలా పడతారో ఆలోచించండి

మన ప్రాంతంలో ఆఫ్‌రోడ్ అంటే, తారురోడ్డు వదిలి మోటారు సైకిలు నడిపే దారులంటే, ఒకే రకం నేల కాదు. ఉదయగిరి దుర్గం చుట్టుపక్కల, వెలికొండల అంచు వెంబడి భైరవకోన వైపు వెళ్లే బాటల్లో రాళ్లు పైకి తేలి ఉంటాయి. మార్కాపురం పరిసరాల్లో అంచులు కోసుకుపోయేంత పదునైన పలకరాయి ముక్కలు, చీమకుర్తి వైపు గ్రానైటు క్వారీల నుంచి రాలిన రాతిపొట్టు కనిపిస్తాయి. మైపాడు, కొత్తపట్నం తీరాల్లోనూ పెన్నా ఏటి పొడవునా వదులు ఇసుక ఉంటుంది. ఒంగోలు చుట్టుపక్కల పొగాకు పండే నల్లరేగడి పొలాల మధ్య డొంకలు ఎండాకాలంలో గట్టి గాడులుగా, వానలు పడితే చక్రం తిరగనివ్వని బురదగా మారతాయి.

రాళ్ల బాటలో వేగం తక్కువగా ఉండగానే బండి ఒరిగిపోవడం, మోకాలు నేరుగా రాయికి కొట్టుకోవడం సాధారణంగా జరుగుతుంది. ఇక్కడ మోకాలి చిప్పనూ, దాని కింద ముందుకు పొడుచుకు వచ్చే ఎముకనూ కాపాడే గట్టి కప్పు, దాని వెనుక దెబ్బను మింగే ఫోమ్ కావాలి. ఇసుకలోనూ బురదలోనూ ప్రమాదం మరో తీరుగా వస్తుంది. ముందు చక్రం దిగబడగానే రైడరు అప్రయత్నంగా కాలు ఊనుతాడు, పాదం ఇసుకలో నాటుకుపోతుంది, బండి బరువుతో పాటు ఒళ్లు ఒక పక్కకు తిరుగుతుంది. అప్పుడు మెలిక పడేది మోకాలి కీలు లోపలి లిగమెంట్లకు, అంటే ఎముకను ఎముకతో కట్టి ఉంచే నారలకు. ఇలాంటి మెలికను ఎంత మందమైన ప్యాడూ ఆపలేదు, ఎందుకంటే అక్కడ మోకాలి మీద పడే దెబ్బ అంటూ ఏమీ లేదు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే రాళ్ల బాటల్లో తిరిగేవారు అవసరం లేని ఖర్చు పెట్టడం, ఇసుకలో తరచూ నడిపేవారు మామూలు ప్యాడు కట్టుకుని ధైర్యంగా ఉండటం జరుగుతున్నది.

రెండో మెట్టు: మీకు తగిన రకాన్ని నిర్ణయించుకోండి

మేజోడులా కాలికి తొడుక్కునే మెత్తని స్లీవు గార్డులు ఒక రకం. వీటిలో దెబ్బ తగిలిన క్షణంలో గట్టిపడే ప్యాడు ఉంటుంది. డీ3ఓ, సాస్‌టెక్ వంటి పేర్లతో వచ్చేవి ఈ కోవలోనివే. ప్యాంటు లోపల ఇమిడిపోతాయి, నడవడానికి హాయిగా ఉంటాయి. అయితే పదునైన రాయి, విరిగిన కొమ్మ, సర్కారు తుమ్మ ముల్లు వంటివి మెత్తని గుడ్డలోంచి లోపలికి దిగగలవు. పొలిమేర బాటల్లో తుమ్మ కంపలు రెండు వైపుల నుంచీ ముసురుకుని ఉండే మన ప్రాంతంలో ఇది చిన్న విషయం కాదు.

ముందు గట్టి ప్లాస్టిక్ కప్పు, వెనుక ఫోమ్, రెండు మూడు పట్టీలు ఉండే గార్డులు రెండో రకం. వీటిలోనే తొడ భాగం, మోకాలి కప్పు, పిక్క ముందుభాగాన్ని కప్పే పలక విడివిడిగా ఉండి, పక్కల కీలుతో కలిసి మడత పడేవి మెరుగైనవి. రాళ్లూ ముళ్లూ కలిసిన మన బాటల్లో నెలకు రెండు మూడు సార్లు తిరిగే సామాన్య రైడరుకు నేను మొదట సూచించేది ఈ కీలున్న గార్డులనే.

మూడో రకం మోకాలి బ్రేసులు. ఇవి తొడనూ పిక్కనూ గట్టి చట్రంతో పట్టుకుని, కాలు వెనక్కి విరుచుకుపోకుండా, పక్కలకు వంగకుండా అడ్డుకోవడానికి తయారైనవి. మన మోకాలు తలుపు బందులా ఒకే ఇరుసు మీద తిరగదు. తొడ ఎముక కింది ఎముక మీద దొర్లుతూ, జారుతూ మడత పడుతుంది కాబట్టి తిరిగే కేంద్రం కూడా మారుతూ ఉంటుంది. మంచి బ్రేసుల్లో ఈ కదలికను అనుసరించేలా రెండు ఇరుసుల కీలు పెడతారు. వీటి ధర మామూలు గార్డులకు ఎన్నో రెట్లు ఉంటుంది. బ్రేసు పెట్టుకున్నంత మాత్రాన లిగమెంటు తెగదన్న హామీ లేదని కూడా గుర్తుంచుకోవాలి. ఇసుకలో తరచూ వేగంగా నడిపేవారికి, ఎండ్యూరో అనే సుదూర ఆఫ్‌రోడ్ పోటీలకు సాధన చేసేవారికి, ఇంతకుముందు మోకాలికి గాయమైనవారికి ఈ ఖర్చు సమంజసం. గాయం ఉన్నవారు ముందుగా ఎముకల వైద్యుణ్ణి కలిసి, ఏ కదలికను ఎంతవరకు ఆపాలో తెలుసుకున్నాకే బ్రేసు కొనాలి.

రైడింగ్ ప్యాంటుతో పాటే వచ్చే ప్యాడ్ల గురించి ఒక్కమాట చెప్పాలి. రోడ్డు ప్రయాణానికి అవి సరిపోవచ్చు గానీ, ప్యాంటు వదులుగా ఉంటే పడినప్పుడు గుడ్డతో పాటు ప్యాడు కూడా తిరిగిపోతుంది. ఆఫ్‌రోడ్‌కు వాటి మీదే ఆధారపడవద్దు.

మూడో మెట్టు: ప్యాడు మీది ముద్రను చదవండి

అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉన్న సీఈ గుర్తును (ఐరోపా భద్రతా నిబంధనలకు తగినదని చెప్పే ముద్రను) చూసి కొనకండి. ప్యాడును బయటికి తీసి, దాని వెనుక ఏమి అచ్చయి ఉందో చూడండి. అసలైన దానిపై మోటారు సైకిలు మీద కూర్చున్న మనిషి బొమ్మ, తయారీదారు పేరు, ఈఎన్ 1621-1 అనే ప్రమాణం సంఖ్య, దాని పక్కన 2012 అనే సంవత్సరం, మోకాలిని సూచించే ఇంగ్లీషు అక్షరం కె ఉంటాయి. మోచేతికి ఈ (E), భుజానికి ఎస్ (S) అనే అక్షరాలు వాడతారు. మోచేతి ప్యాడును మోకాలి జేబులో దూర్చి అమ్మే ప్యాంట్లు కూడా కనిపిస్తాయి గనుక ఈ ఒక్క అక్షరాన్ని తప్పకుండా చూడాలి. ఏ, బీ అనే టైపులు ప్యాడు వైశాల్యాన్ని చెబుతాయి. బీ ఎక్కువ మేర కప్పుతుంది.

ఇక 1, 2 అనే లెవెళ్లు. పరీక్షలో 5 కిలోల బరువును 50 జౌళ్ల శక్తితో ప్యాడు మీద పడేస్తారు, అంటే దాదాపు మీటరు ఎత్తు నుంచి వదిలినట్టు. ప్యాడును దాటి కిందికి చేరిన బలాన్ని కొలుస్తారు. సగటున 35 కిలోన్యూటన్లకు మించకపోతే లెవెల్ 1, 20కి మించకపోతే లెవెల్ 2 ఇస్తారు. ఈ కిలోన్యూటన్ల సంఖ్య తగ్గేకొద్దీ ఎముకకు చేరే దెబ్బ తగ్గుతుంది. ధరలో తేడా మీరు భరించగలిగినంతలో ఉంటే, రెండూ కాలికి సమానంగా అమరితే, లెవెల్ 2 తీసుకోండి. లెవెల్ 2 ప్యాడు మరీ మందంగా ఉండి మోకాలు మడవనివ్వకపోతే, బాగా అమరిన లెవెల్ 1 మేలని నా అభిప్రాయం.

మన ప్రాంతం వారు తప్పక వెతకవలసిన గుర్తు మరొకటి ఉంది. అది టీ అక్షరం పక్కన కూడిక గుర్తు. దెబ్బకు గట్టిపడే మెత్తని ప్యాడ్లు వేడికి మరింత మెత్తబడతాయి. మామూలు పరీక్ష గది ఉష్ణోగ్రతలో జరుగుతుంది. ఈ కూడిక గుర్తు ఉన్నవాటిని 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర కూడా పరీక్షించి ఉంటారు. ఇది తప్పనిసరి పరీక్ష కాదు కాబట్టి అన్నిటి మీదా కనిపించదు. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలు మనకు కొత్త కాదు; నెల్లూరులోనూ ఒంగోలులోనూ మే నెలలో పాదరసం 40 దాటడం మామూలే. చలిదేశాల రైడరుకు అంతగా పట్టని ఈ చిన్న గుర్తు మనకు లెవెల్ సంఖ్యతో సమానంగా ముఖ్యం.

నాలుగో మెట్టు: కాలిని సరిగ్గా కొలవండి

ప్యాంటు సైజును బట్టి గార్డు కొనకూడదు. దర్జీ టేపు తీసుకుని, నిలబడి, కాలు కొద్దిగా మడిచి, మోకాలి చిప్ప మధ్యలో పెన్నుతో చుక్క పెట్టండి. అక్కడి నుంచి పైకి 15 సెంటీమీటర్ల దగ్గర తొడ చుట్టుకొలత, కిందికి 15 సెంటీమీటర్ల దగ్గర పిక్క చుట్టుకొలత, చిప్ప మీదుగా మోకాలి చుట్టుకొలత తీసుకోండి. ఈ దూరం కంపెనీని బట్టి మారుతుంది గనుక, మీరు చూస్తున్న గార్డు సైజు పట్టికలో ఎంత అడిగారో అంతే పాటించండి. రెండు కాళ్లనూ విడివిడిగా కొలవాలి, సాయంత్రం పూట కొలిస్తే మంచిది. ఎండలో గంటల తరబడి తిరిగాక కాళ్లు కొంత ఉబ్బుతాయి, గార్డు ఇమడవలసింది ఆ కాలికే. తొడ కొలత ఒక సైజులోనూ పిక్క కొలత మరో సైజులోనూ పడితే, స్లీవు గార్డుల్లో తొడ కొలతకు, పట్టీల గార్డుల్లో పిక్క కొలతకు ప్రాధాన్యం ఇవ్వండి. పట్టీల గార్డు నిలిచేది పిక్క ఆసరాతోనే. ఆ సంగతి ఆరో మెట్టులో వివరిస్తాను.

ఐదో మెట్టు: బండి మీద కూర్చుని, నిలబడి చూడండి

దుకాణంలో అద్దం ముందు నిలబడి చూసుకుంటే ఏ గార్డయినా బాగానే ఉంటుంది. ఆఫ్‌రోడ్‌లో మీరు సగం సమయం ఫుట్‌పెగ్గుల (పాదాలు ఆనించే కడ్డీల) మీద నిలబడి, మోకాళ్లు కొద్దిగా మడిచి, ట్యాంకును రెండు వైపులా ఒత్తి పట్టుకుని నడుపుతారు. మిగతా సగం సీటు మీద కూర్చుని మోకాలు బాగా మడిచి ఉంచుతారు. ఈ రెండు భంగిమల్లోనూ గార్డు సరిపోవాలి. దుకాణం వారు అనుమతిస్తే మీ బండిని సెంటర్ స్టాండు మీద నిలిపి, లేదా ఎవరినైనా పట్టుకోమని, రెండు గార్డులూ కట్టుకుని ఎక్కండి. ఎక్స్‌పల్స్, హిమాలయన్ వంటి బళ్లకు ట్యాంకు ఆకారాలు వేరు. ఒకరికి సరిపోయిన గార్డు పక్క కీలు మరొకరికి ట్యాంకు అంచున తగలవచ్చు.

కూర్చుని మోకాలు మడిచినప్పుడు కప్పు అడుగు అంచు పిక్క ఎముకలోకి గుచ్చుకుంటున్నదా చూడండి. నిలబడి సాగినప్పుడు చిప్పకూ కప్పుకూ మధ్య ఖాళీ ఏర్పడి కప్పు కిందికి దిగుతున్నదా చూడండి. మోకాలు మడిచినప్పుడు ముందువైపు చర్మం సాగుతుంది, వెనుకవైపు ముడుచుకుంటుంది. అందువల్ల ముందు నుంచే వంపుతో తయారైన గార్డు, నిటారుగా ఉన్నదానికన్నా బాగా నిలుస్తుంది. పదిసార్లు కూర్చుని లేచాక చిప్ప మీద వేలు పెట్టి, కప్పు మధ్యభాగం ఇంకా అక్కడే ఉన్నదో లేదో తడిమి చూడండి. ఒక వేలి వెడల్పు జరిగితే పట్టీలు సరిచేసి మళ్లీ ప్రయత్నించండి. అంతకు మించి జరిగితే ఆ సైజు, లేదా ఆ మోడలు, మీ కాలికి కుదరదు. కప్పును చేత్తో పట్టి పక్కలకు తిప్పి కూడా చూడండి. చేతి బలానికే తిరిగిపోయేది నేల మీద ఈడ్చుకుపోయినప్పుడు ఆగదు.

ఆరో మెట్టు: పట్టీలను వాటి చోట కట్టండి

గార్డు జారడం మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తీరిపోతుంది. తొడ పై నుంచి మోకాలి వైపు సన్నబడుతూ వస్తుంది కాబట్టి, తొడ పట్టీని ఎంత బిగించినా అది కిందికే జారుతుంది. పిక్క ఆకారం దీనికి విరుద్ధం: మోకాలి కింద సన్నగా మొదలై కొంత దూరంలో ఉబ్బెత్తుగా ఉంటుంది. మోకాలికి సరిగ్గా దిగువన, పిక్క కండ ఉబ్బకముందే ఉన్న సన్నని చోట పట్టీ పడితే, ఆ కండే కింద ఆసరాగా నిలిచి గార్డును జారనివ్వదు. కాబట్టి ముందుగా ఈ పట్టీనే కట్టి, గార్డు స్థానం కుదిరాక అడుగు పట్టీని, చివరికి తొడ పట్టీని బిగించండి. తొడ పట్టీ వదులుగా, రెండు వేళ్లు దూరేటట్టు ఉంటే చాలు.

బిగింపులో ఒక జాగ్రత్త చాలా ముఖ్యం. మోకాలికి బయటివైపు, కొంచెం కింద, చేతికి తగిలే చిన్న ఎముక బొడిపె ఉంటుంది. దాని వెనుక నుంచి చర్మానికి దగ్గరగా ఒక నరం చుట్టి వస్తుంది. పాదాన్ని పైకి లేపే కండరాలు దాని మీదే ఆధారపడతాయి. పట్టీ సరిగ్గా ఆ బొడిపె మీద బిగిస్తే పాదం పైభాగంలో తిమ్మిరి మొదలవుతుంది. రైడ్‌లో అలా అనిపించిన వెంటనే ఆగి, పట్టీని వదులు చేసి, ఒక అంగుళం కిందికో పైకో జరపండి. తిమ్మిరిని భరిస్తూ గంటల కొద్దీ నడపడం వల్ల గేరు మార్చే పాదం మాట వినకుండా పోయే ప్రమాదం ఉంది. మోకాలి వెనుక గుంటలో పట్టీలు ఒకదానిపై ఒకటి ఎక్కకుండా చూసుకోవాలి. చర్మం మొదట కందేది అక్కడే. పట్టీ లోపలి అంచున రబ్బరు లేదా సిలికాన్ గీతలు ఉంటే జారడం తగ్గుతుంది. వెల్క్రో కొక్కేల్లో ఇసుక, గడ్డి గింజలు చేరితే పట్టు పోతుంది గనుక పాత టూత్‌బ్రష్షుతో అప్పుడప్పుడు శుభ్రం చేయండి.

ఏడో మెట్టు: ఎండకూ చెమటకూ సిద్ధం కండి

తీరప్రాంతపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు. నియోప్రీన్ అనే సింథటిక్ రబ్బరు గుడ్డతో చేసిన స్లీవులు మెత్తగా, బిగుతుగా ఉన్నా వేడిని లోపలే పట్టి ఉంచుతాయి. కొందరికి ఆ గుడ్డలోని రసాయనాలు పడక దద్దుర్లు కూడా వస్తాయి. మోకాలి వెనుక జాలీ గుడ్డ, కప్పులో గాలి రంధ్రాలు ఉన్నవాటిని ఎంచుకోండి. గార్డును నేరుగా చర్మం మీద కట్టకుండా, చెమటను పీల్చి త్వరగా ఆరే పల్చని బిగుతు లెగ్గింగు లోపల వేసుకోండి. నూలు బట్ట తడిసి ముడతలు పడి, ఆ ముడతే ఒరుసుకుంటుంది గనుక ఇక్కడ నూలు పనికిరాదు.

మామూలు ప్యాంటు మీద కట్టడమా, లోపల కట్టడమా అని చాలామంది అడుగుతారు. లోపల కట్టడమే నా సలహా. పైన కడితే గుడ్డ మీద గుడ్డ జారుతుంది, పట్టీలకు తుమ్మ కంప తగులుకుని ఊడుతుంది. విప్పడం తేలిక అన్నది ఒక్కటే పైన కట్టడంలోని లాభం. ఎండాకాలంలో తెల్లవారుజామున బయలుదేరి పదింటికల్లా ముగించుకుంటే ఆ లాభం కోసం వెతుక్కోవలసిన అవసరం కూడా రాదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానల్లో వాగులు దాటేవారు, నీటిని పీల్చి బరువెక్కే మందపాటి ఫోమ్ కన్నా, నీరు నిలవని ఫోమ్ ఉన్నవాటిని చూసుకోవాలి.

ఎనిమిదో మెట్టు: బూట్లతో, ప్యాంటుతో కలిపి చూడండి

ఆఫ్‌రోడ్ బూటు పిక్క సగం దాకా వస్తుంది. గార్డు కింది పలక బూటు లోపలికి దిగి, రెండింటి మధ్య ఖాళీ లేకుండా ఒకదానిపై ఒకటి కప్పుకోవాలి. పలక మందంగా ఉండి బూటు బకిల్ పడకపోతే, బూటు వదులుగా కట్టుకోవడం పరిష్కారం కాదు. పొట్టి పలక ఉన్న గార్డు తీసుకోండి. కొనడానికి వెళ్లేటప్పుడు బూట్లు, ప్యాంటు వెంట తీసుకువెళ్లడం మరవద్దు. బ్రేసు కొనేవారికి మోకాలి దగ్గర వెడల్పుగా ఉన్న ప్యాంటు కావాలి.

ఇంటికి తెచ్చిన కొత్త గార్డులను నేరుగా నల్లమల అంచుకు తీసుకువెళ్లకండి. అరగంట ఇంట్లో తొడుక్కుని తిరగండి, తర్వాత ఊరి పొలిమేరలోని తెలిసిన డొంకలో గంటసేపు నడపండి. విప్పాక చర్మం మీద ఎర్రని గీతలు ఎక్కడ పడ్డాయో చూసి పట్టీలు మార్చండి. ఇరవై నిమిషాల్లో మాయం కాని గీత ఉన్నచోట ఒత్తిడి ఎక్కువైనట్టే. నల్లమలలో పులుల అభయారణ్యం పరిధిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదని వేరే చెప్పనక్కరలేదు. వెలికొండ బాటల్లో ఆసుపత్రి దూరం, కొన్నిచోట్ల ఫోను సిగ్నలు కూడా ఉండదు. ఎంత మంచి గార్డు ఉన్నా ఒంటరిగా వెళ్లకండి.

చివరి మెట్టు: వాడుక, ఉతుకు, మార్పు

రైడ్ అయ్యాక గార్డులను బండి సైడ్‌బ్యాగులో వదిలేయవద్దు. ప్యాడ్లు తీసి తడిగుడ్డతో తుడవండి, స్లీవులను తేలికపాటి సబ్బు నీళ్లలో చేత్తో ఉతికి నీడలో ఆరవేయండి. మిద్దె మీద ఎండలో ఆరవేస్తే రబ్బరు, ఫోమ్ త్వరగా పెళుసెక్కుతాయి. తీరం వెంబడి నడిపి వచ్చినప్పుడు కీళ్లలోని మరలకు ఉప్పు పట్టకుండా మంచినీళ్లతో కడిగి, ఆరాక మరలు వదులయ్యాయేమో చూసుకోండి.

గట్టిగా పడిన ప్రతిసారీ కప్పును లోపలి వైపు నుంచి వెలుతురుకు పట్టి చూడండి. వెంట్రుకవాసి పగులు ఉన్నా, ప్లాస్టిక్ ఒకచోట తెల్లబారినా మార్చాలి. ఫోమ్‌ను బొటనవేలితో నొక్కి వదిలితే తిరిగి పొంగకుండా గుంట అలాగే ఉంటే దాని పని అయిపోయింది. పట్టీల సాగుడు తగ్గిందనిపిస్తే పట్టీలు మాత్రమే విడిగా దొరుకుతాయేమో తయారీదారును అడగండి. విడిభాగాలు ఇచ్చే కంపెనీ గార్డునే మొదట ఎంచుకుంటే ఈ ఖర్చు తగ్గుతుంది. తయారీదారు ప్యాడుకు గడువు చెప్పి ఉంటే, కొన్న నెల, సంవత్సరం ప్యాడు వెనుక చెరగని పెన్నుతో రాసి పెట్టుకోండి.